పెన్న ఒడ్డున పాదిరి దొరలు – 5: ధాత కరువు, క్యాంబెల్ ఆసుపత్రి

పోయిన భాగాన్ని 1832 జూన్‌లో జరిగిన కడప అల్లర్ల దగ్గర ఆపాం. మసీదుకు అపచారం జరిగిందన్న కోపంతో పఠాన్లు తిరగబడ్డారు. మెక్‌డొనాల్డ్ అనే కుర్ర అధికారి ఆ గొడవలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. కడపలో లండన్ మిషనరీ సొసైటీ అప్పటికే పదేళ్ళుగా ఉంది. 1810లో బళ్ళారి చేరిన జాన్ హ్యాండ్స్ చొరవతో 1822లో ఇక్కడ కేంద్రం వెలిసింది, విలియం హోవెల్ దాన్ని నడిపాడు.

ఈ వారమే మొదలుపెట్టిన పాఠకుల కోసం ఇంకో రెండు మాటలు. కడప కూడా ఉన్న దత్తమండలాలు 1800లో నిజాం చేతినుంచి ఈస్టిండియా కుంపిణీకి వచ్చాయి. కుంపిణీకి పాదిర్లంటే మొదట్లో గిట్టేది కాదు. 1806లో వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డాక ఆ భయం ఇంకా పెరిగింది. జనం మతం జోలికి పోతే వ్యాపారం మునుగుతుందని దొరల లెక్క. చివరికి లండన్‌లో మతసంఘాలు పట్టుబట్టి 1813 చార్టర్ చట్టంలో మిషనరీలకు దారి ఇప్పించుకున్నాయి. అంటే తెల్లవాడి సర్కారూ తెల్లవాడి మిషనూ ఒకటే అనుకుంటే ఈ కథ తలకిందులుగా అర్థమవుతుంది. రెండూ అవసరానికి చేతులు కలిపాయి, అవసరం తీరాక ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

ఆ మాటకొస్తే మిషన్‌కూ మిషన్‌కూ మధ్యే పడేది కాదు. 1840లలో హోవెల్ తన పాత సంఘాన్ని వదిలేసి సువార్త వ్యాప్తి సంఘంలో, అందరూ ఎస్పీజీ అని పిలిచే దానిలో చేరాడు. అది ఇంగ్లండు రాజమతం వాళ్ళది. లండన్ మిషన్ వాళ్ళేమో బిషప్పుల పెత్తనం ఒప్పుకోని స్వతంత్ర సంఘాల మనుషులు. పెన్నకు ఈవల ఒకరు, ఆవల ఒకరు అని గీత గీసుకునే రోజులు ఇంకా రాలేదు. ఎస్పీజీ కలసపాడులో, చాగలమర్రి దగ్గర ముత్యాలపాడులో పాతుకుంది. ముత్యాలపాడులో జాన్ క్లే దశాబ్దాల తరబడి ఉండిపోయాడు. తెలుగు బాగా వచ్చినవాడని ఆయనకు పేరు. కడప, ఆ తర్వాత జమ్మలమడుగు, గుత్తి వైపు ఊళ్ళు లండన్ మిషన్ కిందికి వచ్చాయి.

ఊరివాళ్ళకు ఈ సిద్ధాంత భేదాలతో పనిలేదు. ఒక మిషన్ ఉపదేశితో తగాదా వస్తే, లేదా బడికి పంతులును వెయ్యడంలో ఆలస్యం జరిగితే, పెద్దమనుషులు నలుగురు గొంగళ్ళు భుజాన వేసుకుని రెండో మిషన్ దొర దగ్గరికి నడిచేవాళ్ళు. మిషనరీలు దీన్ని చపలచిత్తం అన్నారు. తరతరాలుగా ఎవరి దగ్గరా బేరమాడే సందు దొరకని మనుషులకు మొదటిసారి ఒక సందు దొరికితే వాడుకున్నారు, అంతేకదా.

మాలపల్లె ఎందుకు కదిలింది

1850ల నుంచి కడప సీమలో క్రైస్తవం పెరిగింది దాదాపు మాలపల్లెల్లోనే. పట్నంలో బజారు ప్రసంగాలు, బ్రాహ్మణ పండితులతో వాదాలు ఏళ్ళ తరబడి సాగినా చేతికి వచ్చింది పిడికెడు. మాలపల్లె మాత్రం పిలవకుండానే వచ్చింది. ఒక్కొక్కరుగా వచ్చిందీ కాదు. ఇంటిపేరు మొత్తం, కొన్నిచోట్ల పల్లె మొత్తం ఒకేసారి కదిలింది. పెద్దలు ముందు వచ్చి అడిగేది బాప్తిస్మం గురించి కాదు. ‘మా ఊరికి పంతులును పంపుతారా’ అని.

ఎందుకో తెలియాలంటే ఆ పల్లెలో రోజు ఎలా గడిచేదో చూడాలి. ఊరికి దూరంగా, వాన నీళ్ళు నిలిచే పల్లంలో గుడిసెలు. ఊరి రెడ్డి చేలో పని ఏడాది జీతానికి. జీతం అంటే జొన్నలు, కొర్రలు, ఏడాదికో గొంగడి. అప్పు తీరదు కాబట్టి జీతమూ తీరదు. సర్కారు మనిషి ఊళ్ళోకి వస్తే మూట మొయ్యడం, గుర్రానికి గడ్డి తేవడం, కబురు చేరవెయ్యడం అన్నీ వెట్టి. కొద్దో గొప్పో చేతిలో ఉన్న విద్య ముతక నేత. కడప, కర్నూలు సీమల్లో మాలలు నేసే ముతక పంచెలూ దుప్పట్లూ రైతుల ఒంటిమీద ఉండేవి. లంకషైరు మిల్లు గుడ్డ చవగ్గా వచ్చి ఆ నేతనూ తినేసింది. మగ్గం ఆగిపోయినవాడు కూలికి పోవాలి. కూలి రెడ్డి దయ.

ఊరి బావి వాళ్ళది కాదు. కచేరీ మెట్టు ఎక్కే వీల్లేదు. కరణం రాసుకున్న లెక్కలో ఏముందో చదివి చెప్పే దిక్కు లేదు. ఇలాంటి చోటికి ఒక ఉపదేశి వచ్చాడు. వాడూ మాలవాడే. కానీ చదవగలడు, అర్జీ రాయగలడు, తాసిల్దారు ముందు నిలబడి మాట్లాడగలడు. అవసరమైతే కడపలో ఉన్న దొరకు ఉత్తరం వేస్తాడు. ఆ ఉత్తరానికి ఎంత బలం ఉండేదో చెప్పలేం. చాలాసార్లు ఏమీ ఉండేది కాదు. కానీ ఉత్తరం వేసేవాడు ఒకడున్నాడన్న సంగతి రెడ్డికి తెలిసింది. అదే పెద్ద మార్పు.

ఇదంతా ఇంగ్లండు నుంచి దిగుమతైన ఆలోచన అనుకోనక్కర్లేదు. కులం మీద తిరుగుబాటు మాట ఈ నేలకు కొత్తది కాదు. పోతులూరి వీరబ్రహ్మం స్వామి మఠం ఉన్న కందిమల్లాయపల్లె ఈ జిల్లాలోదే. దూదేకుల సిద్ధయ్య ఆయన ముఖ్య శిష్యుడు, మాదిగ కక్కయ్య కథ ఊరూరా తెలిసిన కథ. తత్వాలు పాడేవాళ్ళూ వేమన పద్యాలు చెప్పేవాళ్ళూ మాలమాదిగ పల్లెల్లో ఉండనే ఉన్నారు.  రాత్రిపూట తంబుర మీద కులం వట్టిదని పాడుకున్న పల్లెకు, పగటిపూట బడి పెట్టి ఆ మాట మీద నిలబడతానన్న మనిషి కనిపించాడు. నా ఉద్దేశంలో పాదిరి ప్రసంగానికి చెవి దొరికింది అందుకే.

కష్టాలు వెంటనే మొదలయ్యాయి. మొదటి తగాదా ఆదివారం. వారానికో రోజు పని మానాలని మిషన్ నియమం. కోతల రోజుల్లో రైతుకు ఆదివారమూ సోమవారమూ ఒకటే. ‘మీ దేవుడు సెలవిస్తే కూలి కూడా మీ దేవుడే ఇస్తాడులే’ అన్న ఎత్తిపొడుపు ఆ రోజుల్లో ఎన్ని ఊళ్ళలో వినబడిందో. రెండోది జాతర. గ్రామదేవత కొలువులో మాలమాదిగలకు విధిగా కొన్ని పనులు ఉంటాయి. అవి మేం చెయ్యం అంటే ఊరంతటికీ అరిష్టం చుట్టుకుంటుందని భయం. పని మాన్పించడం, అప్పు ఒక్కసారిగా కట్టమనడం, పశువులను బందెలదొడ్డికి తోలడం ఇవన్నీ జరిగేవి. కొన్ని పల్లెలు వెనక్కి తగ్గాయి. బడి మూతపడేది, పంతులు సర్దుకునేవాడు. రెండేళ్ళకు మళ్ళీ పెద్దమనుషులు వచ్చి అడిగేవాళ్ళు.

ఆ బడి ఎలా ఉండేదంటే, ఒక పాక, ఇసక పరిచిన నేల, వేలితో రాసే అక్షరాలు. పగలు పిల్లలు గొడ్ల వెంట పోతారు కాబట్టి చదువు పొద్దుగూకాక ఆముదం దీపం దగ్గర. అదే పాక ఆదివారం గుడి. పంతులే ఉపదేశి, పంతులే పెళ్ళిళ్ళకూ చావులకూ పెద్ద. జీతం నెలకు కొద్ది రూపాయలు. లండన్‌కు పోయే నివేదికల్లో వీళ్ళు ఎక్కువగా సంఖ్యలుగానే కనిపిస్తారు, పేర్లు అరుదు. దొరల పేర్లు మనకు మిగిలాయి, పని చాలావరకు పేరులేని వీళ్ళు చేసిందే.

ధాత

1876లో నైరుతి వానలు ముఖం చాటేశాయి. ఈశాన్యమూ రాలేదు. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం. ముసలివాళ్ళు చాలాకాలం తర్వాత కూడా వయసు చెప్పాల్సి వస్తే ‘ధాత కరువుకు నాకు ఇన్నేళ్ళు’ అని లెక్క కట్టేవాళ్ళు.

దత్తమండలాలకు కరువు కొత్తదేమీ కాదు. కొత్తది రైలు. మద్రాసు నుంచి కడప, ముద్దనూరు, కొండాపురం, తాడిపత్రి మీదుగా గుత్తి వైపు పోయే దారి అప్పటికి కొన్నేళ్ళ కిందటే పూర్తయింది. రైలు ఉంటే ధాన్యం వస్తుందని దొరలు చెప్పారు. వచ్చింది కూడా. కానీ ధర చెల్లించగలిగిన చోటికే వచ్చింది. మామూలు కాలంలో కొట్లో దాచుకునే జొన్నలు కూడా రైలెక్కి ధర పలికే చోటికి పోయాయి. కర్నూలు–కడప కాలువ తవ్వి అయిదారేళ్ళయింది. లండన్‌లో వాటాలు అమ్మి మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఆ కాలువ లాభం చూడలేక 1882లో సర్కారుకు అమ్ముడుపోయింది. నీటి తీరువాకు భయపడి రైతులు దాన్ని సరిగ్గా వాడుకోనే లేదు.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దొర విక్టోరియాను చక్రవర్తినిగా చాటే దర్బారు జరిపాడు. అదే నెలలో ఖర్చు తగ్గించే పని మీద సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. కరువు పనుల్లో మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన ఒక అణా చాలన్నాడు టెంపుల్. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఇంకా తక్కువ. రోజంతా కంకర కొట్టేవాడికి ఇది చావు కూలి అని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు తిరిగాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు. ఆ కొన్ని నెలలకు లెక్క ఎవరు చెబుతారు?

జనాభా లెక్కలు చెబుతాయి. 1871లో కడప జిల్లాలో దాదాపు 13 లక్షల 50 వేల మంది. పదేళ్ళ తర్వాత 11 లక్షల 20 వేలు. పెరగాల్సిన జనం పెరగకపోగా ఉన్నవాళ్ళలో రెండు లక్షలకు పైగా తగ్గారు. ఆకలి కంటే ఆకలి వెంట వచ్చిన కలరా, మశూచి, విరేచనాలు, జ్వరాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. ముందు పోయింది ఎవరో వేరే చెప్పాలా? కొట్లో గింజ లేనివాళ్ళు, అంటే కూలివాళ్ళు, నేతగాళ్ళు, మాలమాదిగ పల్లెలు.

మిషన్ వాళ్ళ చేతిలో డబ్బు కొద్దిగానే ఉంది. అయితే లండన్ మేయర్ మొదలుపెట్టిన విరాళాల నిధి ఆరు లక్షల పౌన్లు దాటింది. దాన్ని ఊరూరా పంచడానికి మనుషులు కావాలి. జిల్లా కమిటీల్లో మిషనరీలు చేరారు. విత్తనాలకు, ఎద్దులకు, పడిపోయిన గుడిసె మళ్ళీ వేసుకోవడానికి రూపాయల్లో సాయం అందింది. అనాథలైన పిల్లలు మిషన్ కాంపౌండ్లకు చేరారు. ఆ పిల్లలే ఆ తర్వాతి తరంలో పంతుళ్ళూ పంతులమ్మలూ అయ్యారు.

ఇక్కడ ఒక పాత నిందను తడమాలి. గంజి కోసం మతం మారారన్నది అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ ఈ నిందకు భయపడే, కరువు సాయం నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టుకు తీసుకుని తన జనానికి కూలి ఇప్పించాడు. కరువు తీరి సాయం ఆగిపోయాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. గంజి అయిపోయాక వచ్చినవాళ్ళను గంజి కోసం వచ్చారనడం ఎలా? కడప వైపు ఇంత సంచలనం లేదు కానీ కరువు తర్వాతి ఏళ్ళలో లండన్ మిషన్‌లోనూ ఎస్పీజీలోనూ చేరినవాళ్ళ సంఖ్య బాగానే పెరిగింది. వచ్చినవాళ్ళలో కొందరు తిరిగిపోయారు, నిజమే. చావు ముంగిట తమ పల్లెకు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో చూసుకుని చాలామంది నిలబడ్డారు. కష్టకాలంలో ఆదుకున్న చేతిని నమ్మడం లంచం తీసుకోవడం అవుతుందా?

అన్నదమ్ములు ఇద్దరు

1884లో విలియం హోవర్డ్ క్యాంబెల్ అనే ఐరిష్ యువకుడు కడపకు వచ్చాడు. తెలుగు బాగా పట్టుకున్నాడు, పల్లెలు తిరిగాడు. ఒక చేతిలో బైబిలు, రెండో చేతిలో సీతాకోక చిలకల వల. దత్తమండలాల పురుగులూ పక్షులూ ఆయనకు పిచ్చి. కలివికోడి సంగతి మన జిల్లా పాఠకులందరికీ తెలుసు. 1900 ప్రాంతంలో అనంతపురం దగ్గర ఆ పక్షిని చూసినట్టు రాసిపెట్టింది ఈ క్యాంబెలే. ఆ తర్వాత అది లోకం నుంచే పోయిందనుకున్నారు. 1986 జనవరిలో మన లంకమల అడవి అంచున, రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ కనిపించేదాకా ఆయన రాసిన నాలుగు ముక్కలే ఆ పిట్టకు ఆఖరి సాక్ష్యం. దారి తప్పినట్టున్నాం గానీ, పొదల్లో పిట్టను ఇంత ఓపికగా చూసిన మనిషి పల్లెల్లో మనుషులను ఎలా చూసి ఉంటాడో ఊహించడానికి ఇది పనికొస్తుందని చెప్పాను. 1910లో చనిపోయాడు.

మన కథకు ఎక్కువ కావాల్సింది ఆయన తమ్ముడు, డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంబెల్. ఆయన 1891 ప్రాంతంలో జమ్మలమడుగు చేరాడు. అది ఖర నామ సంవత్సరం, దత్తమండలాల్లో మళ్ళీ కరువు. ధాత నాటి అనుభవం మిషన్‌కు ఒకటి నేర్పింది. గింజలు పంచడం కరువుతోనే ఆగిపోతుంది, రోగం మాత్రం ఏటా వస్తుంది.

ఆసుపత్రికి జమ్మలమడుగే ఎందుకు? కడపలో జిల్లా కేంద్రం ఉంది కాబట్టి అక్కడ సర్కారు వైద్యం ఎంతో కొంత ఉంది. ఇటు చూస్తే పెన్నకు ఉత్తరాన నల్లరేగడి పల్లెలు, దక్షిణాన పులివెందుల దాకా రాళ్ళూ ఎర్రనేల. కోసి కుట్టే వైద్యం ఎక్కడా లేదు. జమ్మలమడుగు తాలూకా కేంద్రం, పత్తి, నీలిమందు, నేతబట్టల వ్యాపారం ఉన్న ఊరు. ముద్దనూరు రైలు స్టేషన్ 20 కిలోమీటర్లు. ప్రొద్దుటూరు కూడా అంతే దూరం. పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా బండి కట్టుకుని రావచ్చు, పెన్న పారకపోతే. పారని రోజులే ఎక్కువ.

ఆ బళ్ళలో వచ్చే రోగుల్లో ఒకణ్ణి దగ్గరగా చూద్దాం. కాలి మడమ పైన బొబ్బ, పొంగి పగిలింది, అందులోంచి తెల్లటి దారం కొస ఒకటి బయటికి వచ్చింది. నారికురుపు. రాయలసీమ పల్లెల్లో దిగుడు బావులు ఉండేవి. మెట్లు దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి కడవ ముంచుకోవాలి. కాలికి నారికురుపు ఉన్నవాడు దిగితే ఆ పురుగు తన పిల్లలను నీళ్ళలోకి వదులుతుంది. ఆ నీళ్ళే అందరూ తాగుతారు. ఏడాది తిరిగేసరికి ఇంకొకడి కాలు పొంగుతుంది. సరిగ్గా విత్తనాల కాలానికి ఊళ్ళో సగం మంది మంచాన పడేవాళ్ళు. మందు లేదు. బయటికి వచ్చిన కొసను చిన్న పుల్లకు చుట్టి, రోజుకు వేలెడు చొప్పున మెల్లగా లాగుతూ పోవాలి. పురుగు మూరన్నర, రెండు మూరలు కూడా ఉంటుంది. తొందరపడి లాగితే తెగుతుంది, లోపల మిగిలిన ముక్క చీముపట్టి కాలినే తీసుకుపోవచ్చు. డాక్టరు చేసేదీ చాలావరకు అదే పని, శుభ్రమైన గుడ్డతో, శుభ్రమైన నీళ్ళతో. ఆ శుభ్రతే ప్రాణం నిలిపేది. మన దేశంలో నారికురుపు పూర్తిగా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2000లో. ఈనాటి పిల్లలకు ఆ పేరే తెలీదు.

కంటి రోగులు ఇంకో బారు. శుక్లాలు వస్తే అప్పటిదాకా గతి ఊరూరా తిరిగే కంటి వైద్యులే. సన్నటి సూదితో ముదిరిన శుక్లాన్ని కంటి లోపలికే పడదోసేవాళ్ళు. చూపు వచ్చినట్టే వచ్చేది, వైద్యుడు డబ్బు తీసుకుని ఊరు దాటేవాడు, కొన్నాళ్ళకు కన్ను కుళ్ళేది. ఈ వైద్యం చేసిన నాశనం మీద మద్రాసు కంటి ఆసుపత్రి పెద్ద ఇలియట్ ఒక పుస్తకమే రాశాడు. క్లోరోఫాం, కొకైన్ చుక్కలు, మరగబెట్టిన పనిముట్లు వచ్చిన కొత్త రోజులవి. చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చిన ముసలాయన తనే దారి చూసుకుని ఇంటికి పోతే, ఆసుపత్రికి అంతకు మించిన దండోరా అక్కర్లేదు.

మంచం పక్కన కులం

మాలపల్లెల కోసం మొదలైన మిషన్ దగ్గరికి రెడ్లూ, బలిజలూ, కోమట్లూ, ముస్లిములూ, అప్పుడప్పుడూ బ్రాహ్మణులూ వచ్చి నిలబడింది ఆసుపత్రి గడపలోనే. ప్రసంగం వినడానికి రానివాళ్ళు కురుపు కోయించుకోవడానికి వచ్చారు. వస్తూ వస్తూ కులాన్ని వెంట తెచ్చుకున్నారు. ఆ కాలపు మిషన్ ఆసుపత్రుల్లో రోగికి భోజనం పెట్టేది రోగి చుట్టాలే. కుండలు, కట్టెలు, రాగిపిండి, చింతపండు బండిలో వేసుకుని వచ్చి, ఆవరణలో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి సంగటి కెలికేవాళ్ళు. ఎవరి పొయ్యి వారిది, ఎవరి నీళ్ళు వారివి. మందు మాత్రం అందరికీ ఒక సీసాలోంచే. మందు తాగితే కులం పోదని ఎవరికి వారు సర్దిచెప్పుకున్నారు.

ఇంకా చిక్కు కాన్పుల దగ్గర. మగ డాక్టరు ముందుకు ఆడవాళ్ళను తెచ్చేవాళ్ళు కాదు. మంత్రసాని చేతులెత్తేశాక, బిడ్డ అడ్డం తిరిగి రెండు రోజులైన తర్వాత, ఇంక పోయేదేమీ లేదనుకున్నప్పుడు బండి కట్టేవాళ్ళు. కాబట్టి నర్సులు కావాలి. నర్సు పని అంటే రక్తం, మలం, పరాయి కులాల ఒళ్ళు ముట్టుకోవడం. పైకులాల ఇళ్ళ నుంచి ఆ పనికి ఆడపిల్లను పంపేవాళ్ళు లేరు. మిషన్ బడిలో చదివిన మాలపల్లె ఆడపిల్లలే ఆ కొలువులకు వచ్చారు. తల్లి ఏ రెడ్డిగారి వాకిట్లో అడుగు పెట్టలేకపోయిందో, కూతురు ఆ ఇంటి కోడలికి పురుడు పోసింది. పుట్టిన బిడ్డను మొదట పట్టుకున్న చేతులు ఆమెవి. ఇంటికి పోయాక తలస్నానం చేసి మైల వదిలించుకున్నవాళ్ళు ఉండొచ్చు. కానీ రెండో కాన్పుకు మళ్ళీ అక్కడికే వచ్చారు.

దీన్ని కుల నిర్మూలన అనేస్తే అతిశయోక్తి. చర్చిలోనే కులం పోలేదు. మాల సంఘానికీ మాదిగ సంఘానికీ పొత్తు కుదరని ఊళ్ళు చాలా ఉన్నాయి. ప్రభుభోజనం బల్ల దగ్గర ఒకే గిన్నెలో పాలుపుచ్చుకోవడానికి తగాదాలు పడ్డారు. దొరలు కూడా అంతా సమానమని చెబుతూనే తమ బంగళా వరండా దాటి ఎవరినీ రానిచ్చేవాళ్ళు కాదు. పంతులుకూ దొరకూ జీతంలో ఉన్న తేడా గురించి చెప్పక్కర్లేదు. అయినా బడీ ఆసుపత్రీ కలిసి ఒక పని చేశాయి. మాలపల్లె నుంచి ఒక తరం పంతుళ్ళు, కాంపౌండర్లు, నర్సులు బయటికి వచ్చారు. నెల జీతం తీసుకునే మాలవాణ్ణి ఈ తాలూకాలు చూడటం అదే మొదలు. జీతగాడు నెల జీతం తీసుకునేవాడు కావడం మన జిల్లా చరిత్రలో ఏ యుద్ధం కంటే తక్కువ సంగతి కాదని నా అభిప్రాయం. కోటల మీద రాసినంత మనం దీని మీద రాయలేదు. గండికోట మీద పుస్తకాలున్నాయి. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఈ ఆసుపత్రి మొదటి నర్సుల పేర్లు చెప్పగలిగేవాళ్ళు ఎందరున్నారు?

డాక్టర్ క్యాంబెల్ ఆ తర్వాత మైసూరు సీమలోని చిక్కబళ్ళాపురానికి మారి అక్కడా ఆసుపత్రి పనే పెట్టుకున్నాడు. అన్నలాగే ఆయనా పురుగులు సేకరించేవాడు. జమ్మలమడుగు ఆసుపత్రికి ఆయన పేరే నిలిచింది. ఇప్పటికీ చుట్టుపక్కల పల్లెల్లో కొందరు క్యాంబెల్ ఆసుపత్రి అంటారు, చాలామంది ఉట్టి మిషన్ ఆసుపత్రి అంటారు.

వచ్చే భాగంలో మదనపల్లెకు పోదాం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా అది మన కడప జిల్లాలోదే. అక్కడ వేర్వేరు మిషన్లు తగాదాలు మాని క్షయ రోగుల కోసం ఒక కొండపక్కన ఆరోగ్యవరం కట్టుకున్నాయి. 1915లో తెరిచిన ఆ శానిటోరియాన్ని డెన్మార్క్ డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ నడిపాడు. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం పుట్టడం, అందులో కలవమని నంద్యాల ఎస్పీజీ వాళ్ళు మొండికేయడం, 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవ మాలమాదిగలు షెడ్యూల్డ్ కులాల జాబితా బయట మిగిలిపోవడం కూడా అక్కడే చెప్పుకుందాం. అక్కడినుంచి మళ్ళీ జమ్మలమడుగు వస్తాం. 1949 జూలై 8న ఈ మిషన్ ఆసుపత్రిలోనే పులివెందుల రాజారెడ్డి గారికి ఒక కొడుకు పుట్టాడు. గుల్బర్గాలో డాక్టరు చదువు ముగించి కొన్నాళ్ళు ఇదే ఆసుపత్రిలో పనిచేశాడు, 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టాడు. ఆయన పేరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి.

ఈలోగా ఒక మనవి. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తాలూకాల్లో మీ అవ్వో, మేనత్తో మిషన్ ఆసుపత్రిలో నర్సుగానో ఆయాగానో, మీ తాత మిషన్ బడి పంతులుగానో పనిచేసి ఉంటే, వాళ్ళ పేరు, పనిచేసిన ఏళ్ళు, ఫొటో ఉంటే దాని నకలు మాకు పంపండి.